పై వాటాలో తెలుగు

మా అత్తయ్య నన్ను తిట్టేటప్పుడు నవ్వేది. ఈ సంగతి తెలియకపోతే తక్కిన కథ అర్థం కాదు, అందుకే ముందే చెబుతున్నాను. కోపమొస్తే మొహం చిట్లించేవాళ్ళతో ఎలాగోలా వేగవచ్చు. ఈవిడ తల కాస్త పక్కకి వాల్చి, పెదాలు విచ్చుకుని, పసిపిల్లని ముద్దు చేస్తున్నట్టు గొంతు సాగదీసి తిట్టేది.

మాది బట్టలు సరిచేసే కొట్టు. ప్యాంటు పొడుగు తగ్గించడం, నడుము వదులు చేయడం, జిప్పు మార్చడం, చిరుగు కనబడకుండా కుట్టడం, ఇవీ మా పనులు. వచ్చేవాళ్ళలో ఒక్కరికీ తెలుగు రాదు. వాళ్ళు అద్దం ముందు స్టూలెక్కి నిలబడితే నేను కింద మోకాళ్ళ మీద కూర్చుని, నోటినిండా గుండుసూదులు పెట్టుకుని అంచు మడతపెట్టేదాన్ని. కౌంటరు వెనక నుంచి మా అత్తయ్య తేనెలూరే గొంతుతో, "చూడు దాని వాలకం, బురదలో గేదె కూలబడ్డట్టు. తొందరగా కానివ్వవే చవటా" అనేది. స్టూలు మీదున్నామె మా ఇద్దరినీ చూసి మురిసిపోయేది. "మీ అత్తగారికి మీరంటే ఎంత ప్రేమో!" అని నాతో చాలామంది అన్నారు. నోట్లో సూదులుండేవి కాబట్టి తల ఊపి ఊరుకునేదాన్ని.

కస్టమర్లనీ వదిలేది కాదు. లావుపాటి మనిషి వస్తే, "రావమ్మా రా, టేపు చాలదు, మోకు తెప్పిస్తాను" అనేది. సన్నపాటి మనిషి వస్తే, "దీనికి కుట్లెందుకు, చీపురుకి గుడ్డ చుట్టినట్టు చుట్టి పంపెయ్" అనేది. వాళ్ళు నవ్వుతూ దండం పెట్టినంత పని చేసేవాళ్ళు.

మా వీధిలో ఎవరి భాష వాళ్ళది. పక్క కొట్టులో గడియారాలు బాగుచేసే ముసలాయన భార్యతో ఒక భాషలో పోట్లాడి, ఆ నోటితోనే ఇంకో భాషలో బేరాలాడేవాడు. ఎదురు గోదాములో సరుకు దించేవాళ్ళు మూడో భాషలో మేస్త్రీని ఆడిపోసుకునేవాళ్ళు, అతనికి వినబడేట్టే. సొంత భాషలో మాట్లాడుకుంటే తలుపేసుకుని మాట్లాడుకున్నట్టేనని అందరికీ ఒక ధీమా. నా చెవులు మాత్రం ఊరుకునేవి కావు. కాపురానికొచ్చిన ఏడాదికల్లా ఆ ఊరి భాష నాకు గడగడా వచ్చేసింది. మా అత్తయ్యకి అక్కడ తల నెరిసిపోయినా రాలేదు. "ఆ నత్తి భాష నా నోట పలకదు" అనేది, అదేదో గొప్పయినట్టు. కస్టమరు అడిగింది ఆవిడకి నేను చెప్పాలి, ఆవిడ చెప్పేది కస్టమరుకి నేను చెప్పాలి. చెప్పకూడనివి మింగెయ్యాలి.

ఆ ఏడు చలి తగ్గుతుండగా నా కడుపు పోయింది. నాలుగో నెల. డాక్టరు పడుకోమంది గానీ, మా అత్తయ్య "పడుకుంటే జిప్పులు ఎవరేస్తారు, నీ బాబా?" అంది. మళ్ళీ మిషను ముందు కూర్చున్నాను. అప్పుడే ఒకామె చంకలో పాపతో వచ్చింది. పాప కోటు చేతులు పొడుగయ్యాయి, మడిచి కుట్టాలి. నేను ఆ చిట్టి చేతిని పట్టుకుని సుద్దతో గీత గీస్తున్నాను. మా అత్తయ్య పాప బుగ్గ పుణికి, నా వైపు చూసి ఎంతో ముద్దుగా నవ్వి, "ఈ గొడ్డుమోతుకి పిల్లల బట్టలివ్వాలి. కడుపున పిల్ల నిలవదు గానీ కుట్టు మాత్రం భలే నిలుస్తుంది" అంది.

"ఏమంటున్నారు మీ అత్తగారు?" అని ఆ తల్లి ఆశగా నన్నడిగింది.

"మీ పాప బంగారుబొమ్మలా ఉందంటున్నారు" అన్నాను.

ఆ రోజు నుంచి అదే నా ముద్దుపేరయింది. గొడ్డుమోతూ, ఇస్త్రీ పెట్టె వేడెక్కిందా? గొడ్డుమోతూ, బాబిన్ మార్చు. పాముది పన్నెండేళ్ళ పగ అంటారు. నేను అన్నేళ్ళు ఆగే రకాన్ని కాను. ఈ నోరు ఏ భాషని అడ్డం పెట్టుకుని ఇంత పేలుతోందో ఆ భాషతోనే దాన్ని మూయించాలని ఆ సాయంత్రం ఇస్త్రీ చేస్తూ అనుకున్నాను. ఎలాగో మాత్రం తెలియలేదు.

ఎండలు ముదిరేసరికి మా ఆడపడుచు పెట్టెలతో దిగింది. వేరే ఊళ్ళో ఏదో ఉద్యోగం చేసి, మానేసి వచ్చింది. మా కొట్టున్న ఊళ్ళోనే పుట్టి చదువుకున్న పిల్ల కాబట్టి ఊరి భాష దానికీ వచ్చు. వచ్చిన వారానికి కౌంటరు దగ్గర కుర్చీ వేసుకుంది. ఒకరోజు నేను కుట్టు విప్పుతుంటే పక్కకొచ్చి నిలబడి, "వదినా, నువ్వింక కష్టపడక్కర్లేదు. ఇంట్లో ఉండి రెస్టు తీసుకో" అంది.

"నాకేం రెస్టు వద్దు" అన్నాను.

"వద్దంటే ఎలా? వేసవి అయిపోయాక కొట్టు అద్దె అగ్రిమెంటు కొత్తగా రాయాలట. అమ్మ నా పేరు మీద రాయిస్తానంది. కుట్టడానికి ఎవర్నో జీతానికి పెట్టుకుంటాం."

మామగారు పోయాక ఆ కొట్టు మూతపడేలా ఉండేది. మా అత్తయ్యకి కాజా కుట్టడం కూడా సరిగ్గా రాదు. ఈ వీధిలో బట్ట చిరిగితే మా గుమ్మమే ఎక్కేలా చేసింది నేను. నాకు చదువు లేదు, పుట్టిల్లు లేదు, కడుపున పిల్ల లేదు. ఉన్నదల్లా ఆ మిషనూ, ఆ అద్దం ముందు స్టూలూ. వాటి మీద నుంచి నన్ను లేపేస్తే, ఇక రోజంతా వంటింట్లో ఆ నవ్వు వింటూ బతకాలి.

మా ఆయన సరుకు లారీ తోలేవాడు, వారానికోసారి ఇల్లు చేరేవాడు. ఆయనతో చెబితే సాక్సు విప్పుకుంటూ, "అమ్మ ఏం చేసినా ఆలోచించే చేస్తుంది. నోరు కాస్త పెద్దది గానీ మనసు వెన్న" అన్నాడు.

"ఆ వెన్న నాకెప్పుడూ తగల్లేదండీ."

"నువ్వు ప్రతిదీ మనసులో పెట్టుకుంటావ్" అని దుప్పటి ముసుగేశాడు. ఆ మాట మాత్రం నిజం. నేను పెట్టుకుంటాను.

కొట్టు మీది వాటాలో ఇల్లుగలావిడ ఉండేది. మేము పైనావిడ అనేవాళ్ళం. భర్త లేడు, పిల్లలు లేరు. నడుం వంగింది గానీ చెవులు మహా పదును. రోజూ మధ్యాహ్నం మెట్లు దిగి వచ్చి, వీధి కనబడేలా మా గుమ్మం పక్కన కూర్చుని ఊలు అల్లుకునేది. ఆవిడ రాగానే మా అత్తయ్య లేచి నిలబడి, రెండు చేతులూ చాపి, "రావే పాత గోనెసంచీ! ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది, నువ్వేమో మా గుమ్మంలోకే వస్తావు" అని ఆప్యాయంగా కుర్చీ చూపించేది. ఆవిడ తన భాషలో, అంటే ఆ ఊరి భాషలోనే, "చాలా సంతోషం, మీరు చల్లగా ఉండాలి" అని కూర్చునేది. ఇల్లు ఆవిడది, కొట్టు ఆవిడది, పడేది ఆవిడే. తలుచుకుంటే నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది.

ఒకనాడు ఆవిడ శాలువా చిరుగు కుట్టి ఇచ్చి రావడానికి పైకి వెళ్ళాను. ఆవిడ గది మా కొట్టుకి సరిగ్గా నెత్తినే. నేలలోంచి నీళ్ళ గొట్టం పోయేచోట చుట్టూ చెయ్యి పట్టేంత సందు. ఆ సందు పక్కనే ఆవిడ కుర్చీ. కింద మా ఆడపడుచు చిల్లర లెక్కపెట్టుకోవడం కూడా పైకి వినిపిస్తోంది. ఆవిడ టీ కప్పు నా చేతికిచ్చి, నా తల నిమిరి, ఎంతో ప్రేమగా నవ్వి, తెలుగులో అంది.

"తాగు, గొడ్డుమోతూ."

కప్పు నా చేతిలోంచి జారింది. ఆవిడ కంగారుపడి తన భాషలోకి వచ్చేసింది. "తప్పన్నానా? మీ అత్తగారు నిన్ను అలాగే పిలుస్తారుగా? అంత ముద్దుగా పిలుస్తుంటే, పాప అనో బంగారం అనో అనుకున్నాను."

అబద్ధం చెప్పడం నాకు అలవాటే. అవును, బంగారం అనే అర్థం అంటే సరిపోయేది. నోరు తెరిచాను గానీ ఈసారి నా నోట్లో సూదులు లేవు. ఆ మాటకి అర్థమేమిటో చెప్పేశాను. ఎప్పుడు మొదలైందో, పాప కోటు దగ్గర ఏం జరిగిందో కూడా చెప్పాను. ఏడుస్తూ చెప్పలేదు. కోపంగా చెప్పాను, కింద వినబడకుండా పళ్ళు కొరుకుతూ చెప్పాను.

పైనావిడ లేచింది. వంగి కప్పు ముక్కలు తనే ఏరింది. తర్వాత కుర్చీలో సర్దుకుని కూర్చుని అడిగింది. "నన్ను చూడగానే ఆవిడ చేతులు చాపి ఏదో అంటుందే, అదేమిటి?"

చెప్పాను. గోనెసంచి అంటే ఏమిటో, కాడు అంటే ఏమిటో విడివిడిగా చెప్పాను.

"మరి నేను రోజూ మీరు చల్లగా ఉండాలి అని దీవిస్తున్నానే!"

"అవునమ్మా."

"ఇన్నేళ్ళుగా!"

"అవునమ్మా."

ఆవిడ మొహం ఎర్రబడింది. ఆ మొహంలో నా మొహమే కనిపించింది నాకు. "నిన్ను పిలిచిన ఆ ఒక్క మాటా చచ్చినా మళ్ళీ అనను. మిగిలినవన్నీ నేర్పు" అంది.

ఆ వేసవంతా మా పాఠాలు నడిచాయి. చేతిలో ఏదో బట్ట పట్టుకుని నేను పైకి వెళ్ళేదాన్ని. ఆవిడ అప్పటికే గొట్టం సందులోంచి విన్నవి నాలుగైదు మూటగట్టి ఉంచేది. కిందికి వినబడకుండా ఆ సందులో ఊలు ఉండ కుక్కి ఒక్కొక్కటే అప్పజెప్పేది, నేను అర్థం విప్పేదాన్ని. ఇంటికొచ్చిన మనిషిని పలకరించే నమస్కారం నేర్పబోతే చెయ్యి అడ్డం ఊపింది. "అది కింద ఎవరూ అనరుగా, నాకెందుకు?" అంది. మంచినీళ్ళు అడగడం ఆవిడకి రాలేదు, రోజెలా ఉందని అడగడం రాలేదు. కానీ దరిద్రపు మొహం, తిండికి ముందు పనికి వెనక, నీ జిమ్మడ, నీ బతుక్కి అదొక్కటే తక్కువ, ఇవన్నీ నోటికొచ్చాయి. అచ్చం మా అత్తయ్య గొంతులో వచ్చాయి. అదే తల వాల్చడం, అదే సాగదీత. తిట్టడానికి వేరే గొంతుంటుందని ఆవిడకి తెలియదు కదా, తెలుగంటే అంతే అనుకుంది. నేను దిద్దలేదు. ఎందుకు దిద్దుతాను? మళ్ళీ కిందికొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, నా తిట్లు నేను తింటూ, ఈవిడ ఎంత బాగా తిడితే పైన అంత బాగా పాఠం వస్తుందని లోలోపల ఉబ్బిపోయేదాన్ని.

మధ్యాహ్నాలు ఆవిడ మామూలుగానే దిగేది. మా అత్తయ్య చేతులు చాపి తిట్టేది. ఆవిడ "చాలా సంతోషం" అని కూర్చునేది. దీవెన మాత్రం మానేసింది. మా అత్తయ్య గమనించలేదు.

"కొట్టు గురించి ఏం చేద్దాం?" అని నేనే ఒకసారి అడిగాను.

"నేనేం చెయ్యాలో నాకు తెలుసు. నువ్వు నీ మొహం మామూలుగా ఉంచుకో" అంది పైనావిడ.

వేసవి చివర్లో అగ్రిమెంటు రాసుకోవడానికి మమ్మల్ని పైకి రమ్మంది. మా ఆయన కూడా ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. మా అత్తయ్య ఇస్త్రీ బట్టలు కట్టుకుంది. మా ఆడపడుచు కొత్త పెన్ను కొనుక్కుంది. నన్ను టీ కప్పులు మోసుకొచ్చేందుకు రమ్మన్నారు. గది చిన్నది, కుర్చీలు నాలుగే. వాళ్ళు ముగ్గురూ ఒక వరసలో, పైనావిడ ఎదురుగా. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

మా అత్తయ్య గది నాలుగు మూలలూ చూసి, పైనావిడ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని కళ్ళనిండా నవ్వింది. "ఈ గోనెసంచి ఇంకో చలికాలం చూస్తుందంటావా తల్లీ? అది పోయేలోగా సంతకం పడాలి" అంది కూతురితో.

"అమ్మా, ఊరుకో" అని ఆడపడుచు కిసుక్కున నవ్వింది.

"దీనికేం తెలుస్తుందే, గోడకి చెప్పినా ఒకటే దీనికి చెప్పినా ఒకటే. సంతకం కానివ్వు. రేపే ఆ గొడ్డుమోతుని మిషను ముందు నుంచి లాగి పొయ్యి ముందు పడేస్తాను. నా కొడుకు నోరెత్తడు."

మా ఆయన నోరెత్తలేదు. చేతిలో కప్పు చూసుకుంటూ కూర్చున్నాడు. నేను నా మొహం మామూలుగా ఉంచుకున్నాను.

పైనావిడ తన రెండో చెయ్యి మా అత్తయ్య చెయ్యి మీద వేసింది. తల కాస్త పక్కకి వాల్చింది. నవ్వింది. "మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు" అంది తెలుగులో, తియ్యగా, సాగదీసి. "టీ తాగవే దరిద్రపు మొహమా. చల్లారిపోతోంది."

మా అత్తయ్య నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు పాపం. కూతురి వైపు చూసింది, కొడుకు వైపు చూసింది, చివరికి నా వైపు చూసింది. అప్పుడు అర్థమైంది ఆవిడకి. నేను కళ్ళు దించుకోలేదు.

పైనావిడ కాగితం తీసి తన భాషలో మాట్లాడింది, మా ఆడపడుచుని చూస్తూ. "అగ్రిమెంటు మీ వదిన పేరు మీద రాశాను. కుట్టేది ఆమె కాబట్టి. మీ అమ్మకి చెప్పు. నేను చెప్పగలను గానీ, దానికి సరిపడా మాటలు ఆవిడ నాకు నేర్పలేదు."

ఆడపడుచు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. నేను కప్పులు తెచ్చిన పళ్ళెం పక్కన పెట్టి, ఆ కొత్త పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టాను.

నాకు జాలి కలిగిందని చెబితే పచ్చి అబద్ధం. మెట్లు దిగుతుంటే మా అత్తయ్య గోడ పట్టుకుంది. నేను చెయ్యి ఇవ్వలేదు. వారం తిరక్కుండా ఆడపడుచు పెట్టెలు సర్దుకుంది. "నన్నూ తీసుకుపోవే" అని మా అత్తయ్య గుమ్మందాకా వెళ్ళి బతిమాలింది. "అక్కడ గది ఇరుకమ్మా, నీకు ఊపిరాడదు" అని అది ట్యాక్సీ ఎక్కేసింది.

మర్నాడు పొద్దున మా అత్తయ్య కొట్టులోకి వచ్చి, కౌంటరు వెనక కుర్చీ లాక్కోబోయి ఆగింది. "ఎక్కడ కూర్చోనమ్మాయ్?" అంది. నన్ను అమ్మాయ్ అనడం అదే మొదలు.

నేను ఊరి భాషలో జవాబు చెప్పాను. కిటికీ దగ్గర, అని. ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ అదే భాషలో, ఇంకాస్త నెమ్మదిగా, నవ్వుతూ చెప్పాను. వేలితో మాత్రం చూపించలేదు. ఆవిడ కాసేపు గది మధ్యలో నిలబడి, చివరికి గుండీల డబ్బా పక్కన నేల మీద కూర్చుంది. ఆ రోజు నుంచి ఆవిడతో నేను తెలుగు మాట్లాడలేదు. అన్నం తినమనడం, దీపం ఆర్పమనడం, కాజాలు విప్పి మళ్ళీ కుట్టమనడం, అన్నీ ఊరి భాషలోనే. ఒక్క కటువు మాట అనలేదు. పల్లెత్తు మాట అనలేదని వీధంతా సాక్ష్యం చెబుతుంది.

మా ఆయన ఇంటికొచ్చిన రోజు గొణిగాడు. "అమ్మతో మాట్లాడొచ్చు కదా."

"రోజంతా మాట్లాడుతూనే ఉన్నానుగా."

"మన భాషలో."

"మన భాషలో ఆవిడ నా వంతు కూడా మాట్లాడేసిందండీ. ఇంకేం మిగల్లేదు."

ఆయన నా మొహం చూసి కంచం ముందుకి జరుపుకున్నాడు. ఆ ఇంట్లో ఆయన నాకు కాస్త భయపడటం అప్పుడే మొదలైంది. అదీ నాకు బాగానే ఉంది.

ఆయన లారీ ఎక్కి వెళ్ళిపోతే మళ్ళీ వారం దాకా మా అత్తయ్య చెవిన ఒక్క తెలుగు ముక్క పడేది కాదు. కూతురికి ఫోను చేస్తే, పనిలో ఉన్నానమ్మా అని పెట్టేసేది. మొదట్లో ఆవిడ తనలో తాను మాట్లాడుకునేది, గుండీలతో మాట్లాడుకునేది. తర్వాత అదీ తగ్గిపోయింది. ఆకులు రాలుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, పైనావిడ చేతితొడుగులు రెండు అల్లిక వదిలితే సరిచేసి కౌంటరు మీద పెట్టాను. పైనావిడకి మోకాళ్ళు పట్టేసి కిందికి దిగడం మానేసింది. మా అత్తయ్య ఆ తొడుగులు చూసింది, నన్ను చూసింది. నేను మిషను ఆపలేదు. ఆవిడ వాటిని తీసుకుని, గోడ పట్టుకుంటూ, ఒక్కో మెట్టూ ఎక్కింది.

గొట్టం సందులోంచి తలుపు తెరుచుకోవడం వినిపించింది. తర్వాత పైనావిడ గొంతు, తియ్యగా, సాగదీసి. "వచ్చావా శనీ? నీ మొహం చూస్తే మూడు రోజులు ముద్ద దిగదు. రా, తగలడు."

మా అత్తయ్య వెనక్కి తిరుగుతుందనుకున్నాను. కుర్చీ లాగిన శబ్దం వచ్చింది.

"ఇంకోసారి అనమ్మా" అంది మా అత్తయ్య.

పైనావిడ అంది. ఇంకోటి అంది, ఇంకోటి అంది, తెలిసినవన్నీ వరసపెట్టి అంది. మా అత్తయ్య ఒక్కోదానికీ ఊఁ కొట్టింది. నేను పెడలు మీద కాలు గట్టిగా నొక్కి, మిగిలిన అంచు కుట్టేశాను. మర్నాడు మధ్యాహ్నం మా అత్తయ్య ఇవ్వడానికి చేతిలో ఏమీ లేకుండానే పైకి వెళ్ళింది.